ఐదువేల నలభై పోగుల రేణుకమ్మ

గద్వాల కోటకు తూర్పు పక్కనున్న సాలెవీధిలోకి పొద్దున్నే కొత్తవాళ్ళెవరైనా వస్తే, ముందు వాళ్ళ చెవిన పడేది మగ్గాల చప్పుడు కాదు, రేణుకమ్మ గొంతు. "ప్రభవ" అంటూ ఆమె వీధి ఈ కొసన పాతిన కర్ర దగ్గర బయలుదేరేది. ఇరవై గజాలు నడిచి, ఆ కొసనున్న కర్రను చుట్టి, "విభవ" అంటూ వెనక్కి తిరిగేది. ఇటు వచ్చి "శుక్ల". అటు పోయి "ప్రమోదూత". చేతుల్లో దారం చుట్టిన పుల్లలు రెండు గిర్రున తిరుగుతుండేవి. కాళ్ళ కింద దుమ్ము రేగేది కాదు. అంత మెత్తని నడక ఆమెది. చూసినవాళ్ళు పాపం ఈ ముసలమ్మకు పంచాంగం పిచ్చి పట్టిందనుకుని పక్కకు తప్పుకునేవారు.

ఆమెకు ఏ పిచ్చీ లేదు. పడుగు వేస్తున్నది, అంతే. మగ్గానికి ఎక్కే నిలువు దారాలన్నిటినీ ముందు ఇలా వీధిలో పరిచి లెక్క కట్టాలి. దాన్నే పడుగు అంటారు. ఒక్క నడకకు కుడిచేతి నుంచి ఒక పోగు, ఎడమచేతి నుంచి ఒక పోగు జారుతాయి. అరవై నడకలకు నూటఇరవై పోగులు. ఆ నూటఇరవైని సాలెవాళ్ళు ఒక పుంజం అంటారు. రేణుకమ్మకు చదువు లేదు. వేళ్ళ మీద ఇరవై దాటితే తికమకపడేది. కానీ తెలుగు సంవత్సరాలు అరవై ఉన్నాయి గదా, వాటి పేర్లు వాళ్ళ నాయన చిన్నప్పుడే నోటికి పట్టించాడు. ప్రభవతో మొదలుపెట్టి అక్షయ అనేసరికి పుంజం పూర్తయినట్టే. అప్పుడు కొంగుముడి విప్పి ఒక చింతగింజ తీసి, అరుగు మీది రాతిగిన్నెలో టప్పున వేసేది. నలభైరెండు గింజలు పడితే పడుగు ముగిసినట్టు.

ఈ పద్ధతి వల్ల ఆమె బతుకంతా ఆ నడకలోనే రోజూ ముందుకూ వెనక్కూ తిరుగుతుండేది. ఆమె పుట్టింది సర్వధారిలో. ఆ పేరు పలికేటప్పుడు పెదవి చివర చిన్న నవ్వు వచ్చేది. పెళ్ళయింది క్రోధిలో. పేరుకు తగ్గట్టే ఆ ఏడంతా అత్తగారితో తగువులు. పెనిమిటి పోయింది కాళయుక్తిలో, ఊళ్ళకు ఊళ్ళు ఊడ్చిపెట్టుకుపోయిన ఆ పెద్ద జ్వరాల ఏడు. కాళయుక్తి దగ్గరికి వచ్చేసరికి ఆమె గొంతు తగ్గిపోయేది. పెదవులు కదిలేవి, మాట వినిపించేది కాదు. ఆ ఒక్క నడకా నెమ్మదిగా నడిచేది. మిగిలినవాళ్ళు పోయినవాళ్ళను ఏడాదికొకసారి తలుచుకుంటారు. రేణుకమ్మ పడుగుకు నలభైరెండు సార్లు తలుచుకునేది.

నలభైరెండు పుంజాలంటే ఐదువేల నలభై పోగులు. అంటే రెండువేల ఐదువందల ఇరవై నడకలు. ఒక్కో పడుగుకు ఆమె వీధిలో నడిచిన నడకంతా తీగలా సాగదీస్తే, గద్వాల నుంచి కృష్ణ దాటి వనపర్తి దాకా పోతుంది. నాలుగైదు రోజుల్లో వనపర్తికి నడిచిపోయి కూడా, సాయంత్రానికి తన ఇంటి అరుగు మీదే కూర్చుని జొన్నరొట్టె తినేది.

ఇంతకీ ఆ లెక్క అదే ఎందుకు? ఐదువేలని చిల్లర లేకుండా పెట్టుకోవచ్చు గదా? ఇక్కడ ఆ అంకె గురించి రెండు మాటలు చెప్పుకోకపోతే రేణుకమ్మ కథ చెప్పినట్టు కాదు.

చీర ఒంటి మీద బుటాలు నిలువు వరుసల్లో ఉంటాయి. కొందరికి ఏడు వరుసలు కావాలి, కొందరికి ఎనిమిది, కొందరికి పది. ఎన్ని వరుసలైనా ఒక్కో వరుసకు సరిసమానంగా పోగులు రావాలి. ఎందుకంటే మగ్గం మీద ఒక్కో తాడు అన్ని వరుసల్లోంచీ ఒక్కో పోగును ఒకేసారి లేపుతుంది. ఒక వరుసకు ఒక్క పోగు తగ్గినా ఆ బుటాకు ఒక రేకు తెగినట్టు ఉంటుంది. ఎవరు చూస్తారని అంటారు తెలియనివాళ్ళు. సాలెవాడు చూస్తాడు. వాడి తరువాత ఎవరు చూసినా చూడకపోయినా ఒకటే.

ఐదువేల నలభై అంత ఒద్దికైన అంకె మరొకటి దొరకడం కష్టం. ఒకటి నుంచి ఏడు దాకా వరసగా గుణించుకుంటూ పోతే అది వస్తుంది. అవేవీ వద్దని ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది ఈ నాలుగింటినే గుణించినా మళ్ళీ అదే వస్తుంది. ఒకటి నుంచి పది దాకా ఏ అంకెతో భాగించినా శేషం మిగలదు. పన్నెండుతో మిగలదు, పద్నాలుగు, పదిహేను, పదహారుతో మిగలదు. దాన్ని చక్కగా భాగించే అంకెలన్నీ ఏరి లెక్కపెడితే సరిగ్గా అరవై తేలుతాయి, మన సంవత్సరాలెన్నో అన్ని. సప్తస్వరాలను ఏదీ రెండుసార్లు రాకుండా ఎన్ని వరుసల్లో మార్చి పలకవచ్చునో పూర్వం సంగీతశాస్త్రంవాళ్ళు లెక్క కట్టారు. అదీ ఐదువేల నలభయ్యే. ఇక దాని పొరుగువాళ్ళను చూడండి. ఒకటి తక్కువ ఐదువేల ముప్పైతొమ్మిదిని ఒకటీ తానూ తప్ప ఏ అంకే విడదీయలేదు, అంత మొండిది. ఒకటి ఎక్కువ ఐదువేల నలభైఒకటి డెబ్బైఒకట్ల డెబ్బైఒకటి. దానికి ఆ డెబ్బైఒకటి ఒక్కటే చుట్టం. అటొక మొండిఘటం, ఇటొక ఒంటరి. నడుమ అరవై మందిని ఆదరించే పెద్దింటి ఇల్లాలు.

రేణుకమ్మకు గుణకారాలూ శేషాలూ తెలియవు. కానీ పదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడే పోగుకొక గింజ చొప్పున చింతగింజలు గుట్టపోసి, పంచి పంచి చూసి, ఇదంతా తన తీరులో తెలుసుకున్నది. "మా అంకె ఎవరడిగినా కాదనదమ్మా, ఎంతమంది వచ్చి కూసున్నా సమంగ వడ్డిస్తది," అనేది. ఒక్క పదకొండు దగ్గర మాత్రం ఆమెకు ఓటమి. పదకొండు వరుసలకు పంచితే ఒక్కోదానికి నాలుగువందల యాభైఎనిమిది వచ్చి, రెండు పోగులు మిగిలిపోతాయి. "పదకొండు అలిగిన అల్లుడు. పీట ఏసినా కూసోడు," అని నవ్వేది. పదమూడు అంతకంటే పెంకిది. దాని ఊసు ఆమె ఎత్తేదే కాదు.

పడుగు ముగిశాక ఆమె ఇంకొక్క పోగు వేసేది, ఒంటి చేత్తో, ఒక్కటే. దానికి ఏ ఏడు పేరూ లేదు, గింజా లేదు. నోరు మూసుకుని వేయాలి. అది దిష్టిపోగు. అంత నిండైన పడుగు మీద కళ్ళు పడకుండా ఆ ఒక్కటీ ఎక్కువ వేస్తారు. పడుగు మగ్గం ఎక్కాక నేతగాడు దాన్ని లాగి తీసేస్తాడు. ఆ వీధిలో తాతల నాటి నుంచీ అంతే.

చిత్రభాను సంవత్సరం వచ్చింది. బయట ఎక్కడో పెద్ద యుద్ధం జరుగుతున్నది. దాని పొగ గద్వాలకు రాలేదు గానీ, దాని వల్ల నూలు రాకుండా పోయింది. మేలురకం సన్ననూలు ఒక్క కట్ట దొరికితే దేవుడు కనిపించినట్టుండేది. అలాంటి రోజుల్లో నాగర్‌కర్నూలు నుంచి సుభద్రమ్మ అనే కలిగిన రైతింటి ఇల్లాలు రెండు చీరలు చెప్పింది. ఆమె ఇద్దరు కొడుకులకు ఒకే పందిట్లో పెళ్ళి. ఇద్దరు కోడళ్ళకూ వెంట్రుకవాసి తేడా లేని చీరలు కావాలి, లేకపోతే జీవితాంతం తనకు మనశ్శాంతి ఉండదని ఆమె భయం. రెండూ ఒకే పడుగు మీద, ఒకే మగ్గం మీద తయారవ్వాలి. నేత పని బక్కయ్యది. రేణుకమ్మ పెనిమిటికి చిన్నాయన కొడుకు, వరసకు ఆమెకు మరిది. మంచివాడే. కానీ పనిలో మాట కరుకు.

సుభద్రమ్మ మాట మోసుకొచ్చేది ఆమె ఇంటి జీతగాడు రాములు. వారానికొకసారి వేరే పనుల మీద వనపర్తి దాకా బండి, అక్కడి నుంచి రైలు పట్టుకుని గద్వాల వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా ఒక కొత్త అంకె తెచ్చేవాడు. మొదట బుటాలు ఏడు వరుసలన్నాడు. తరువాత తొమ్మిది. ఇంకోసారి పది.

"ఆమెకు కొడుకులిద్దరేనా, ఇంకా ఉన్నరా?" అని అడిగాడు బక్కయ్య.

"ఇద్దరేనయ్యా. రాయబారం మాత్రం ఇరవై పెండ్లిండ్లది."

"ఎన్నన్న చెప్పనియ్యి," అన్నది రేణుకమ్మ. "మా పడుగుకు ఏదైనా ఒకటే."

పడుగు వేస్తున్న మూడో రోజు రాములు మళ్ళీ దిగబడ్డాడు. రేణుకమ్మ ఇరవైఏడో పుంజంలో, ఖర అంటూ సగం వీధిలో ఉన్నది. రాములుకు నోరు ఊరుకోదు.

"పెద్దమ్మా, గిదేంది, నడుచుకుంట పంచాంగం చెప్తున్నవ్? గట్లనే ఇప్పుడు నడిచే ఏడేందో జర చెప్పు. మా అమ్మ లగ్గం చీటీ సంగతి అడిగితే, నాకు పేరు యాదికొస్తలేదు."

పాపం, వాడినేమనాలి? ఆ రోజుల్లో మనవైపు కాలానికి ముగ్గురు పెద్దలు. పంచాంగంలో ఒక ఏడు, సర్కారు కాగితాల్లో ఫస్లీ ఏడు, రైలు స్టేషన్ గోడ మీద ఇంగ్లీషు ఏడు. మనిషి ఏ ఏట బతుకుతున్నాడో చెప్పాలంటే ఎక్కడ నిలబడ్డాడో ముందు చూసుకోవాలి.

"చిత్రభాను రా నాయనా. నన్ను మాట్లాడియ్యకు," అన్నది ఆమె.

అన్నాక కాలు ఆగింది. చిత్రభాను తరువాత స్వభాను గదా? కాదు, తను ఉన్నది అక్కడ కాదు. ఖర... ఖర అన్నదా, నందన అన్నదా? ఒక ఊపిరి పట్టి, ఖర దగ్గరే ఉన్నానని తేల్చుకుని నడక సాగించింది. కానీ ముల్లు విరిగి లోపలుండిపోయినట్టు ఆ సందేహం ఉండిపోయింది.

పడుగుకు గంజి పెట్టింది ఈసారి దేవదాసు. బక్కయ్య కూతురు జానకమ్మ మొగుడు. అమరచింతవాడు, కొంతకాలం రాయచూరులో పనిచేసి, కన్నడం కలిసిన మాటతో నిరుడే ఇల్లరికం వచ్చాడు. ఆ ఇంట్లో అతనికి ఇదే మొదటి పెద్దపని. వీధిలో చాపిన పడుగు మీద పొడుగాటి కుంచెతో గంజి రాస్తూ, దారానికి దారం అంటకుండా దువ్వుతూ, నోరెత్తకుండా పని ముగించాడు. రెండు రోజులకు పడుగు బక్కయ్య మగ్గం ఎక్కింది. రాములు తెచ్చిన కొత్త కబురు ప్రకారం మళ్ళీ ఏడు వరుసలే. బక్కయ్య దిష్టిపోగు తీసి, పోగులు పంచి, తాళ్ళు కట్టడం మొదలుపెట్టాడు.

మధ్యాహ్నానికి జానకమ్మ వచ్చి రేణుకమ్మను పిలుచుకుపోయింది.

బక్కయ్య మగ్గం గుంటలోంచి లేవకుండానే అన్నాడు. "వదినె, నీ పడుగు ఏడుకు తెగుతలేదు."

"ఏడుకు తెగకపోవుడేంది? ఎనిమిదికి జూడు."

"చూసిన. ఏడుకు పంచితే ఆరు వరసలకు ఏడువందల ఇరవై, ఆఖరుదానికి ఏడువందల పంతొమ్మిది. ఎనిమిదికి పంచితే ఏడు వరసలకు ఆరువందల ముప్పై, ఆఖరుదానికి ఆరువందల ఇరవైతొమ్మిది. తొమ్మిదికి పంచినా గంతే. ఎట్ల తిప్పినా ఒక్కటి తక్కువ."

రేణుకమ్మ వంగి పడుగు అంచును వేళ్ళతో తడిమింది.

"ఒక పోగు యెనకనుంచి ఏలాడదీసి అతికిస్త. అది నాకు నిమిషం పని," అన్నాడు బక్కయ్య. గొంతు కాస్త మెత్తబరిచాడు గానీ మాట ఆపలేదు. "నా బాధ అది కాదు. నీకు కండ్లు మసకలొచ్చినయి వదినె. ఇయ్యాల ఒకటి తప్పింది, రేపు పది తప్పితే నూలు ఎక్కడ తేవాలె? వచ్చే పడుగు తిరుపతమ్మతోని ఏయిస్త. నువ్వింక ఇంట్ల కూసోని కండెలు సుట్టుకో. నడిచింది సాలు."

తిరుపతమ్మ పక్క వీధి మనిషి. అంకెలు నేర్చినది, ఒకటి రెండు మూడు అని గట్టిగా అరుస్తూ పడుగు వేసేది. ఆమె మీద రేణుకమ్మకు కోపమేమీ లేదు. కానీ ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాక, కండెలు చుట్టే రాట్నం ముందు తన మిగిలిన ఏళ్ళన్నీ ఒక్కచోటే కదలకుండా కూర్చుని ఉండటం ఆమె కళ్ళకు కట్టింది. నడక లేకపోతే సర్వధారి లేదు. కాళయుక్తి లేదు. ఆ ఒక్క నడకలో గొంతు తగ్గించి పలకరించే మనిషిని ఇక ఎక్కడ పలకరించాలి?

రాతిగిన్నెలో చింతగింజలు ఇంకా ఉన్నాయి. తీసి ఇరవై చొప్పున కుప్పలు పెట్టి లెక్కపెట్టింది. నలభైరెండు. గింజల్లో తప్పు లేదు. తప్పు జరిగిందంటే ఇరవైఏడో పుంజంలోనే జరగాలి, ఆ రాములు నోరు తెరిచినప్పుడు. ఖర నడవకుండానే నందనకు పోయిందా? పోయిందే అనుకుందాం. అప్పుడు ఒక నడక తగ్గుతుంది.

ఒక నడక.

ఆమె రెండు చేతులూ ఎత్తి ఎదురుగా పట్టుకుని చూసుకున్నది, ఎవరివో అన్నట్టు. తరువాత లేచి, చెప్పులు కూడా మరిచి, బక్కయ్య ఇంటికి నడిచింది.

"బక్కయ్యా, నాకు చేతులెన్ని?"

"ఏందొదినె, ఎండ తగిలిందా?"

"చెప్పు, ఎన్ని?"

"రెండు."

"ఒక్క నడకకు నా చేతులకెల్లి పోగులెన్ని పడుతయి?"

"రెండు."

"మరి నేను నడక తప్పితే తగ్గేది రెండు. రెండు నడకలు తప్పితే నాలుగు. మసక కండ్లతోని తప్పినా, రాములు గాడు నోరు తెరిచి తప్పిచ్చినా, నా తప్పు జంటగనే వస్తది. ఒంటిపోగు నా తాన ఎక్కడిది? ఇంత పడుగుల నేను ఒంటిగ ఏసేది దిష్టిపోగొక్కటే."

బక్కయ్య చేతిలో తాడు ఆగిపోయింది. ముప్పై ఏళ్ళుగా మగ్గం ముందు కూర్చున్నవాడికి ఆ మాట ఎంత సరైనదో వెంటనే తెలిసింది. తెలిసినా ఒక పట్టాన ఒప్పుకునే మనిషి కాదు.

"అయితే దిష్టిపోగే ఏసుడు మర్చినవ్. నేను దిష్టిది అనుకోని తీసింది అసలు పోగు."

రేణుకమ్మకు దెబ్బ అక్కడ తగిలింది. వేసిందా? వేసే ఉంటుంది. కానీ సాక్ష్యమేది? దానికి పేరు లేదు, గింజ లేదు, మాట లేదు. ఐదువేల నలభై పోగుల్లో ఒక్కోదాన్నీ ఏదో ఒక ఏడు పేరు పెట్టి పిలిచింది. ఈ ఒక్కదాన్నే మౌనంగా వేసింది. ఆ మౌనం ఇప్పుడు ఆమె పక్షాన నోరెత్తడం లేదు.

"ఏసిన," అన్నది.

గుమ్మం దగ్గర ఏదో అలికిడయింది. దేవదాసు. బయట కుంచె కడుగుతున్నవాడు, ఆ తడికుంచె చేతిలో పట్టుకునే లోపలికి వచ్చాడు. మామ ముందు మాట్లాడాలంటే అతనికి ఇప్పటికీ చెమటలు పడతాయి.

"మామా, దిష్టిపోగు మీరు తీసిన్రా?"

"నేను తీయక ఎవరు తీస్తరు? మగ్గం ఎక్కినంక నేతగాడే గద తీసేది."

"మా అమరచింతల గట్ల కాదు, మామా. గంజి పెట్టెటోడే తీస్తడు. జనం కండ్లు పడేది పడుగు వీధిల ఉన్నప్పుడే గద. మగ్గం ఎక్కినంక ఎవరు చూడొచ్చిన్రు?"

బక్కయ్య మగ్గం గుంటలోంచి లేచి నిలబడ్డాడు. "ఏందీ! అంటే నువ్వు తీసినవా?"

"హౌదు," అన్నాడు దేవదాసు. భయం వేసినప్పుడల్లా అతని నోట కన్నడమే వస్తుంది.

"అడగాలని తెల్వదా?"

"ఇంట్ల గంజి పని నాకిచ్చిన్రు గద, అది కూడ నాదే అనుకున్న."

అతను కుంచె తిప్పి పిడి చూపించాడు. పిడికి చుట్టూ సన్నని దారాలు పొరలు పొరలుగా చుట్టి ఉన్నాయి. పదిహేనేళ్ళ వయసులో వాళ్ళ నాయన పడుగు నుంచి తీసిన మొదటి దిష్టిపోగు దగ్గర నుంచీ, గంజి పెట్టిన ప్రతి పడుగు పోగూ అక్కడ ఉన్నది. కింది పొరలు చేతిరాపిడికి నల్లబడి నున్నగా అయిపోయాయి. పైన ఒక్కటి తెల్లగా ఉన్నది.

రేణుకమ్మ ముందుకు వంగలేదు, కళ్ళు చికిలించలేదు. బొటనవేలూ చూపుడువేలూ తడిచేసుకుని ఆ పై దారాన్ని పట్టి మెల్లగా దొర్లించింది. నలభై ఏళ్ళుగా ఆ వేళ్ళ మధ్య నుంచి జారిన దారాలు అన్నీ ఇన్నీ కావు. ఆ ఏడు ఇంత సన్ననూలు వీధిలో ఇంకెవరికీ దొరకలేదు కూడా.

"నా పోగే," అన్నది. తరువాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిసుక్కున నవ్వింది. "ఓ దేవుడా! ఒక్క దిష్టి తీయనీకె ఇద్దరు మొగోళ్ళు గావాలెనా?"

జానకమ్మ ముందు నవ్వింది. దేవదాసు మామ ముఖం వంక చూసి, నవ్వాలా వద్దా అని తేల్చుకునేలోపు బక్కయ్యకే నవ్వు వచ్చేసింది.

"నేనొక నోటిదూలగాణ్ణి, వదినె," అన్నాడు తల గోక్కుంటూ. "నీ కండ్లనెందుకు అన్ననో."

"కండ్లు మసకనే, అబద్ధమేముంది? లెక్క నా కండ్లల్ల లేదు. కాళ్ళల్ల ఉన్నది."

అంతలో వీధిలోంచి కేక. రాములు. ఒంటినిండా రైలు బొగ్గు, చేతిలో మూట. లోపలికి రాకుండా గుమ్మం బయటే నిలబడ్డాడంటే కబురు మంచిది కాదన్నమాట.

"బక్కయ్యా, కొట్టకుంటే చెప్త."

"చెప్పు."

"మా అమ్మ పదకొండు వరసలు గావాలంటున్నది. వియ్యపురాలు చెప్పిందంట, శుభకార్యానికి పదకొండు మంచిదని."

బక్కయ్య మళ్ళీ గుంటలో కూలబడ్డాడు. "పదకొండా! ఇంగ లోకంల అంకెలే లేవా? వదినె, నీ అలిగిన అల్లుడు రానే వచ్చిండు. ఇప్పుడు వాణ్ణెక్కడ కూసోవెట్టాలె?"

రేణుకమ్మ గోడకు ఒరిగి మగ్గం మీద సాగి ఉన్న తన పడుగునే చూస్తున్నది. పదేళ్ళ వయసులో, చింతగింజల గుట్ట ముందు ఏడుపు వచ్చేదాకా కూర్చున్న రోజు గుర్తొచ్చింది. ఎన్నిసార్లు పంచినా రెండు మిగిలేవి. ఆ రెండింటిని ఎవరికీ ఇవ్వలేక, పారేయలేక...

"బక్కయ్యా," అన్నది నెమ్మదిగా. "పదకొండుకు పంచితే మన పడుగుల ఎన్ని మిగులుతయి?"

"రెండు. నువ్వు చెప్పిందే గద ఎప్పుడూ."

"అండ్ల ఒకటి ఇదివరకే పోయింది. దిష్టిదనుకోని నువ్వే తీసినవ్."

బక్కయ్య వేళ్ళ మీద ఏదో లెక్కవేసుకున్నాడు. దేవదాసు అతనికంటే ముందే తేల్చాడు. "అంటే ఇంకొక్కటి తీస్తే సాలు! వరసకు నాలుగువందల యాభైఎనిమిది. సమం!"

"తీయి మరి," అన్నది రేణుకమ్మ. "ఈసారి మీ మామనడిగి తీయి."

దేవదాసు మామ వైపు చూశాడు. బక్కయ్య చేత్తో పడుగు అంచు చూపించాడు. దేవదాసు కుంచె పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, అంచు పోగును వేలికి చుట్టి, తొందరపడకుండా, పక్కదారానికి తెలియనంత మెత్తగా లాగి తీశాడు. తీసింది పిడికి చుట్టుకోలేదు. పెద్దత్త ఎడమచేతి మణికట్టుకు కట్టాడు. అంత పొడుగు దారం గదా, చుట్టి చుట్టి కట్టేసరికి తెల్లని కంకణంలా తయారయింది.

"గిది ఎవరి దిష్టికి, అల్లుడా?"

"నీ లెక్కకు, పెద్దత్తా."

చీరలు రెండూ మాఘంలోపు నాగర్‌కర్నూలు చేరాయి. కోడళ్ళిద్దరూ ఒకరి చీర ఒకరు తిప్పి తిప్పి చూసుకున్నా తేడా దొరకలేదట. సుభద్రమ్మ మాత్రం బుటాల వరుసలు ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టి, తొమ్మిదైతే ఇంకా కళగా ఉండేదేమో అన్నదని రాములు చెప్పుకొచ్చాడు. బక్కయ్య ఇంటి గుమ్మం నుంచి కాస్త దూరంగా నిలబడే చెప్పాడు.

తరువాతి పడుగు రేణుకమ్మే వేసింది. దాని తరువాతదీ, ఇంకా చాలా ఏళ్ళ పడుగులూ. వీధిలో ఒక్కటే మారింది. నలభైరెండో గింజ గిన్నెలో పడగానే ఆమె దేవదాసును కేకేసి, దిష్టిపోగు కొస అతని చేతికి ఇచ్చి, "ఇగో, ఇది ఏస్తున్న. సూసినవ్ గద?" అని ఒప్పించుకుని వేసేది. అతను అలాగే అని తలూపి, మామను ఒకసారి అడిగి, గంజి పెట్టాక తీసుకునేవాడు. కుంచె పిడి ఏటికేడు లావెక్కింది.

వేసిన పడుగుకు గంజి పనీ, కొత్త పడుగు పనీ ఒకే వీధిలో గదా. ఇటు దేవదాసు కుంచె బరబరా ఆడుతుండేది, అటు రేణుకమ్మ ఏళ్ళు నడుస్తుండేవి. రాక్షస, నల, పింగళ. ఆ తరువాతి పేరు వినిపించేది కాదు. దానితోపాటు కుంచె చప్పుడు కూడా ఆగేది. ఎవరూ అతనికి చెప్పలేదు, అతనూ ఎవరినీ అడగలేదు. ఆమె ఆ ఇరవై గజాలూ నెమ్మదిగా నడిచి, కర్ర చుట్టి తిరిగేదాకా తడికుంచెను గాలిలో ఎత్తి పట్టుకుని నిలబడేవాడు. "సిద్ధార్థి" అని ఆమె గొంతు మళ్ళీ వినిపించాకే కుంచె పడుగు మీద దించేవాడు.